చెట్టు లేని దేశంలో రబ్బరు – శాస్త్రవేత్త సెర్గీ లెబెదెవ్ జీవితం

ఇంటర్మీడియట్‌లో కెమిస్ట్రీ చదివిన మన హాస్టల్ మిత్రులందరికీ పాలిమర్ల పాఠం గుర్తుండే ఉంటుంది. అందులో 'బ్యూనా' అనే రబ్బరు గురించి వస్తుంది. 'బ్యు' అంటే బ్యూటాడైఈన్, 'నా' అంటే నేట్రియం, అంటే సోడియం. రెండు మార్కుల ప్రశ్న కాబట్టి దాన్ని బట్టీపట్టి, పరీక్షలో రాసి, ఆ తర్వాత మరిచిపోతాం. కానీ బ్యూటాడైఈన్‌ను సోడియంతో కలిపి రబ్బరు చేయడం, ఆ రబ్బరుతో లారీ టైర్లు తయారయ్యేంత పెద్ద ఫ్యాక్టరీలు నడపడం అంత సులువుగా జరగలేదు. ఒక మనిషి దాదాపు పాతికేళ్ళ జీవితం దానికి ఖర్చయింది. ఆయన పేరు సెర్గీ వసీల్యెవిచ్ లెబెదెవ్. రష్యాలో సైన్స్ చదివిన వాళ్ళకు బాగా తెలిసిన పేరు. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం కనిపించదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని నాకు తెలిసినంతలో మీ ముందు ఉంచుతున్నాను.

బాల్యం, చదువు

లెబెదెవ్ 1874 జూలై 25న లుబ్లిన్ పట్టణంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉండేది. తండ్రి రష్యన్ సాహిత్యం బోధించే ఉపాధ్యాయుడు. లెబెదెవ్ చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. తల్లి పిల్లలను వెంటబెట్టుకుని వార్సా నగరానికి చేరింది. లెబెదెవ్ స్కూలు చదువు అక్కడే సాగింది. ఆయన మన లాంటి ఇళ్ళలో పుట్టినవాడని నేను చెప్పను. అది చదువు ఉన్న ఇల్లు. ఇంటి పెద్ద పోయాక ఒక తల్లి ఒంటిచేత్తో పిల్లలను చదివించడం ఎలా ఉంటుందో మాత్రం మన హాస్టల్‌లో చాలామందికి వేరే చెప్పనక్కర్లేదు.

1895లో ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరారు. అది జార్ చక్రవర్తుల కాలం. విద్యార్థులు గొంతెత్తితే పోలీసులు వచ్చేవారు. 1899లో విద్యార్థుల ఆందోళనలో పాల్గొన్నందుకు లెబెదెవ్‌ను కూడా అరెస్టు చేశారు. చదువు అక్కడితో ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అయినా మళ్ళీ వచ్చి 1900లో పట్టా పుచ్చుకున్నారు.

పట్టా వచ్చిన వెంటనే ఆయనకు పరిశోధన చేసే అవకాశం దొరకలేదు. ముందు ఒక సబ్బుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశారు. ఆ తర్వాత రైలు పట్టాల ఉక్కును పరీక్షించే పనిలో ఉన్నారు. 1902లో విశ్వవిద్యాలయానికి తిరిగి వచ్చి, ఫవోర్‌స్కీ అనే గొప్ప రసాయన శాస్త్రవేత్త దగ్గర ల్యాబు సహాయకుడిగా చేరారు. 1905లో అన్నా ఒస్ట్రౌమోవాను వివాహం చేసుకున్నారు. చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చువేసే కళలో ఆమె రష్యాలో పేరు మోసిన కళాకారిణి. పీటర్స్‌బర్గ్ నగరాన్ని ఆమె వేసిన బొమ్మల్లో ఇప్పటికీ చూడవచ్చు.

రబ్బరు కోసం ప్రపంచం పడిన ఆరాటం

ఇక్కడ కాస్త ఆగి రబ్బరు సంగతి చెప్పుకోవాలి. రబ్బరు చెట్టు స్వస్థలం బ్రెజిల్‌లోని అమెజాన్ అడవులు. 1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషు వ్యక్తి అక్కడి నుంచి సుమారు 70,000 విత్తనాలను లండన్‌కు చేర్చాడు. వాటి మొలకలు సిలోన్, మలయా ప్రాంతాలకు వెళ్ళి పెద్ద తోటలయ్యాయి. అదే కాలంలో మోటారు కార్లు వచ్చాయి. కారు ఉంటే టైరు కావాలి, టైరు కావాలంటే రబ్బరు కావాలి. ఇంగ్లండుకు, హాలండుకు వలస దేశాల్లో తోటలున్నాయి. రష్యాకు, జర్మనీకి అంతటి తోటలు లేవు. ఆ చలిదేశాల్లో రబ్బరు చెట్టు బతకదు. కొనుక్కోవాలి, లేదా సొంతంగా తయారు చేసుకోవాలి.

రబ్బరు పాలలో ఉన్నదేమిటో అప్పటికే శాస్త్రవేత్తలకు తెలుసు. ఐసోప్రీన్ అనే చిన్న అణువు వేలసార్లు గొలుసుగా కలిస్తే రబ్బరు అవుతుంది. చెట్టు ఆ గొలుసును నిశ్శబ్దంగా అల్లుతుంది. మనిషి అల్లగలడా అన్నదే ప్రశ్న. జర్మనీలో ఫ్రిట్జ్ హాఫ్‌మన్ 1909లో పేటెంటు తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో రబ్బరు దిగుమతి ఆగిపోయినప్పుడు జర్మన్లు మిథైల్ రబ్బరు అనే దాన్ని సుమారు 2,400 టన్నులు తయారు చేశారు. కానీ దానితో చేసిన టైర్లు చలికి గట్టిపడిపోయేవి. బండి కదలకుండా నిలబడితే టైరు కింది భాగం అణిగిపోయి చదునయ్యేది. అందుకని బండిని జాకీ మీద ఎత్తి ఉంచేవారు. యుద్ధం ముగియగానే ఆ రబ్బరు తయారీ మానేశారు. దీన్నిబట్టి ఒక సంగతి అర్థమవుతుంది. ల్యాబులో సాగే ముద్ద చేయడం వేరు, రోడ్డు మీద నాలుగు కాలాలు నిలిచే టైరు చేయడం వేరు.

మొదటి విజయం, సుదీర్ఘ నిరీక్షణ

లెబెదెవ్ 1908 ప్రాంతంలో ఈ పనిలోకి దిగారు. ఐసోప్రీన్ కంటే చిన్నదైన బ్యూటాడైఈన్ అనే వాయువును ఆయన ఎంచుకున్నారు. 1910 ప్రారంభానికి ఆయన బ్యూటాడైఈన్ నుంచి తయారైన రబ్బరు ముక్కను రష్యన్ శాస్త్రవేత్తల సంఘం సమావేశంలో చూపించారు. అదే సంవత్సరం సోడియం లోహం తగిలితే ఈ గొలుసు త్వరగా అల్లుకుంటుందని ఇంగ్లండ్‌లోనూ, జర్మనీలోనూ వేరువేరుగా కనుగొన్నారు. ఏ అణువు ఎంత వేడికి ఎంత వేగంగా గొలుసు కడుతుంది, ఎలాంటి గొలుసు కడుతుంది అని లెబెదెవ్ ఒక్కొక్కటిగా కొలిచి 1913లో సిద్ధాంత గ్రంథం సమర్పించారు. దానికి మంచి గుర్తింపు వచ్చింది.

అయితే గుర్తింపు వచ్చింది గానీ ఫ్యాక్టరీ రాలేదు. బ్యూటాడైఈన్ తయారీకి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. జార్ ప్రభుత్వానికి అంత ఓపిక లేదు. 1914లో యుద్ధం వచ్చింది. పేలుడు పదార్థాలకు కావలసిన టోలీన్‌ను పెట్రోలియం నుంచి తీసే పనిలో ఆయన తలమునకలయ్యారు. 1916లో పీటర్స్‌బర్గ్‌లోని మిలటరీ మెడికల్ అకాడమీలో రసాయన శాస్త్ర ఆచార్యులయ్యారు. 1917లో విప్లవం, ఆ వెంటనే అంతర్యుద్ధం, ఆకలి. ల్యాబులో పొయ్యి వెలిగించడానికి కూడా ఇంధనం కరువైన రోజులవి. ఆ రోజుల్లో ఆయన డాక్టరీ విద్యార్థులకు కెమిస్ట్రీ పాఠాలు చెబుతూ, ఉన్న ల్యాబును నిలబెట్టుకుంటూ వచ్చారు. రబ్బరు ముక్కను చూపించిన నాటి నుంచి దాన్ని కిలోల లెక్కన చేసే అవకాశం వచ్చేవరకు పదహారేళ్ళు పట్టింది.

రెండు కిలోల పోటీ

1926లో సోవియట్ ప్రభుత్వ ఆర్థిక మండలి ఒక పోటీ ప్రకటించింది. కృత్రిమ రబ్బరును చౌకగా తయారు చేసే పద్ధతి చెప్పాలి. దేశంలో దొరికే ముడిసరుకే వాడాలి. పద్ధతి వివరాలతో పాటు రెండు కిలోల రబ్బరు పంపాలి. గడువు 1928 జనవరి 1. బహుమతి లక్ష రూబుళ్ళు.

రెండు కిలోలంటే మనకు ఒక పూట కూరగాయల బరువు. కానీ అప్పటివరకు గ్రాముల లెక్కన చేసినవాళ్ళకు అది కొండంత. లెబెదెవ్ ఏడుగురు సహచరులను కూడగట్టారు. అందరూ మెడికల్ అకాడమీలో, విశ్వవిద్యాలయంలో ఆయనతో పనిచేస్తున్నవాళ్ళే. వాళ్ళలో స్త్రీలు కూడా ఉన్నారు. ఎవరికీ ఈ పనికి జీతం లేదు. పగలంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రాలు, ఆదివారాలు ల్యాబులో గడిపేవారు. కావలసిన పరికరాలు చాలావరకు తామే అమర్చుకున్నారు.

బ్యూటాడైఈన్‌తో ఉన్న చిక్కేమిటంటే అది మైనస్ 4 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. పట్టి ఉంచాలంటే బాగా చల్లబరచాలి. ఇప్పటిలాంటి రిఫ్రిజిరేటర్లు లేవు. గడ్డకట్టిన నెవా నది నుంచి ఐసు తెచ్చుకుని వాడుకున్నారు. ప్రొఫెసర్ అయి ఉండి కూడా లెబెదెవ్ ఆ మోత పనులకు దూరంగా నిలబడలేదు.

ముందు పెట్రోలియం నుంచి బ్యూటాడైఈన్ తీయాలని చూశారు. గడువు దగ్గర పడుతుండటంతో మామూలు ఇథైల్ ఆల్కహాల్ వైపు మళ్ళారు. ఇక్కడే ఆయన ప్రతిభ బయటపడింది. ఆల్కహాల్ ఆవిరిని సుమారు 400 డిగ్రీల వేడిలో ఒక ఉత్ప్రేరకం మీదుగా పంపాలి. రెండు ఆల్కహాల్ అణువులు కలిసి ఒక బ్యూటాడైఈన్ అణువు కావాలంటే వాటిలోంచి నీరూ పోవాలి, హైడ్రోజనూ పోవాలి. నీటిని లాగేసే పదార్థం ఒకటి, హైడ్రోజన్‌ను లాగేసే పదార్థం మరొకటి. ఈ రెండింటినీ కలిపి ఒకే ఉత్ప్రేరకంగా వాడి, రెండు పనులూ ఒకే మెట్టులో జరిగేలా చేశారు. ఆ వాయువును శుద్ధి చేసి, చల్లబరచి, సోడియంతో కలిపి మూసి ఉంచితే మెల్లగా రబ్బరుగా మారుతుంది.

1927 డిసెంబరు చివర్లో, గడువుకు ఇంకా ఒకటి రెండు రోజులు ఉందనగా, రెండు కిలోల రబ్బరూ వివరాల కాగితాలూ మాస్కోకు బయలుదేరాయి. 1928లో న్యాయనిర్ణేతలు లెబెదెవ్ పద్ధతిని అన్నిటికంటే మెరుగైనదిగా ఎంచారు. పెట్రోలియం నుంచి రబ్బరు చేసే దారిలో వెళ్ళిన బోరిస్ బైజోవ్ అనే మరో శాస్త్రవేత్త పనిని కూడా ముందుకు తీసుకుపోవాలని నిర్ణయించారు.

గాజు కుప్పె నుంచి ఫ్యాక్టరీకి

లెనిన్‌గ్రాడ్‌లో, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, ఒక ప్రయోగాత్మక ఫ్యాక్టరీ కట్టారు. గాజు కుప్పెలో బాగా జరిగే చర్య పెద్ద ఇనుప పాత్రలో అదే తీరుగా జరగదు. వేడి ఒకచోట ఎక్కువై ఒకచోట తక్కువవుతుంది. రబ్బరు ఒకచోట జిగటగా, ఒకచోట గట్టిగా వస్తుంది. సోడియం నీరు తగిలితే మండుతుంది. ఇన్ని చిక్కులు దాటి 1931 ఫిబ్రవరి 15న అక్కడ మొదటి పెద్ద దిమ్మె బయటికి వచ్చింది. దాని బరువు సుమారు 260 కిలోలు. 1932 జూలైలో యరొస్లావ్ల్ నగరంలో పెద్ద ఫ్యాక్టరీ రబ్బరు ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది వరోనెజ్‌లో, 1933లో యెఫ్రేమొవ్‌లో మరో రెండు మొదలయ్యాయి. ఇంత పెద్ద ఎత్తున కృత్రిమ రబ్బరు పరిశ్రమను నిలబెట్టిన మొదటి దేశం అదే. లెబెదెవ్‌కు 1931లో ఆర్డర్ ఆఫ్ లెనిన్ ఇచ్చారు. 1932లో సైన్స్ అకాడమీ సభ్యుడిగా ఎన్నుకున్నారు.

టైరుకు పెట్టిన పరీక్ష

రబ్బరైతే వచ్చింది. టైరు సంగతేమిటి? సహజ రబ్బరులో గొలుసులన్నీ ఒకే తీరుగా వంగి ఉంటాయి. లాగినప్పుడు అవి పక్కపక్కన సర్దుకుని బిగుస్తాయి కాబట్టి త్వరగా చిరగదు. సోడియంతో చేసిన రబ్బరులో గొలుసులు ఒక క్రమంలో ఉండవు. అందువల్ల అది ఒంటరిగా బలహీనం. ఈ లోటును తీర్చింది మసి. కార్బన్ బ్లాక్ అనే సన్నని మసిని రబ్బరులో బాగా పిసికి, గంధకం కలిపి కాచితే బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. టైరు నల్లగా ఉండేది అందుకే. ఇలాంటి కలుపు పదార్థాల మీద కూడా లెబెదెవ్ బృందం పనిచేసింది. రబ్బరు చేసి ఇచ్చాం, మిగతాది మీరు చూసుకోండి అని చేతులు దులుపుకోలేదు.

1933 వేసవిలో మాస్కో నుంచి మధ్య ఆసియాలోని కారాకుమ్ ఎడారి మీదుగా తిరిగి మాస్కోకు 23 మోటారు వాహనాలతో ఒక సుదీర్ఘ యాత్ర జరిపారు. జూలై నుంచి సెప్టెంబరు వరకు 9 వేల కిలోమీటర్లకు పైగా సాగింది. కాలే ఇసుకలో, రాళ్ళ దారుల్లో కొత్త కార్లనూ లారీలనూ పరీక్షించారు. కృత్రిమ రబ్బరు టైర్లు ఎలా తట్టుకుంటాయో చూడటం కూడా ఆ యాత్ర ఉద్దేశాల్లో ఒకటి. చలికి గట్టిపడిన జర్మన్ టైర్ల నుంచి ఎడారి దాటిన టైర్ల వరకు వచ్చేసరికి మధ్యలో పదిహేనేళ్ళు గడిచాయి.

మరువకూడని మాట

గొప్పవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాత్రమే రాయడం మనకు అలవాటు. కానీ ఒక సంగతి దాచకూడదు. ఆ రబ్బరుకు ముడిసరుకైన ఆల్కహాల్ అప్పట్లో బంగాళాదుంపల నుంచి, తిండిగింజల నుంచి వచ్చేది. సరిగ్గా ఫ్యాక్టరీలు మొదలైన 1932-33లోనే ఉక్రెయిన్‌లో, కజకిస్తాన్‌లో, వోల్గా ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చి లక్షలాదిమంది ప్రాణాలు పోయాయి. ఆ కరువుకు ప్రభుత్వం బలవంతపు ధాన్య సేకరణ పెద్ద కారణం. రబ్బరు ఫ్యాక్టరీల వల్ల కరువు వచ్చిందని నేను అనడం లేదు. కానీ మనిషి తినే గింజతో టైరు చేయవలసి వస్తే ఎవరి కంచం ఖాళీ అవుతుందో అడగవలసిన బాధ్యత సైన్స్ చదివేవాళ్ళ మీద ఉంటుంది. ఆకలి ఎరిగిన ఇళ్ళ నుంచి వచ్చిన మనమే ఈ ప్రశ్నను ముందు అడగాలి. తర్వాతి కాలంలో అక్కడ చెక్కపొట్టు నుంచి, ఆ తర్వాత పెట్రోలియం వాయువుల నుంచి ముడిసరుకు తీయడం నేర్చుకున్నారు. తిండిని తప్పించే ఆ దారి కూడా కెమిస్ట్రీయే చూపించింది.

చివరి రోజులు, ఆ తర్వాత

లెబెదెవ్ తన రబ్బరు ఎంత దూరం వెళ్ళిందో పూర్తిగా చూడలేదు. 1934లో ఆయనకు టైఫస్ జ్వరం సోకింది. ఆ ఏడాది మే 2న లెనిన్‌గ్రాడ్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆ నగరంలోని టిఖ్విన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. భార్య అన్నా ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా జీవించారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టినప్పుడు కూడా ఆమె నగరం విడిచిపోలేదు. 1955లో మరణించాక ఆమెను భర్త పక్కనే ఉంచారు. కృత్రిమ రబ్బరు పరిశోధన సంస్థకు లెబెదెవ్ పేరు పెట్టారు.

ఆయన మొదలుపెట్టిన దారిలో చాలామంది నడిచారు. 1929లో జర్మనీలో వాల్టర్ బాక్, ఎడ్వర్డ్ చుంకుర్ బ్యూటాడైఈన్‌కు స్టైరీన్ కలిపి బ్యూనా-ఎస్ తయారు చేశారు. ఇందులో సోడియం వాడరు. సబ్బునీటిలో పాలలాగా కలిపి గొలుసు కట్టిస్తారు. పేరులో 'నా' మాత్రం పాత గుర్తుగా మిగిలిపోయింది. 1942లో మలయా, ఇండోనేషియా తోటలు జపాను చేతిలోకి పోయాయి. అప్పుడు అమెరికా ఇదే రకం రబ్బరును యుద్ధప్రాతిపదికన చేపట్టి, 1945 నాటికి ఏడాదికి 7 లక్షల టన్నులకు మించి తయారు చేసింది. మన దేశంలో 1963లో ఉత్తర ప్రదేశ్‌లోని బరేలీలో మొదలైన ఫ్యాక్టరీ చక్కెర మిల్లుల మొలాసిస్‌తో చేసిన ఆల్కహాల్ నుంచే ఈ రబ్బరు తీసింది. అది తర్వాత మూతపడింది.

1950లలో గొలుసులను ఒకే తీరుగా అల్లే కొత్త ఉత్ప్రేరకాలు వచ్చాయి. అప్పుడు లెబెదెవ్ ఎంచుకున్న ఆ బ్యూటాడైఈనే అరుగుదలను బాగా తట్టుకునే, తక్కువ వేడెక్కే రబ్బరును ఇచ్చింది. ఈనాటి కారు టైర్లలో నేలకు తగిలే భాగంలో ఆ రబ్బరునూ స్టైరీన్ కలిపిన రబ్బరునూ కలిపి వాడతారు. 1992లో మిషెలిన్ కంపెనీ మసి బదులు చాలా మేరకు సిలికా వాడి, ఇంధనం ఆదా చేసే టైర్లు తెచ్చింది. విమానాల టైర్లకు, బరువు మోసే లారీల టైర్లకు మాత్రం నేటికీ సహజ రబ్బరే ఎక్కువగా కావాలి. చెట్టు చేసే పనిని మనిషి ఇంకా పూర్తిగా నేర్చుకోలేదన్నమాట. మీలో ఎవరికో ఒకరికి అక్కడ పని మిగిలే ఉంది.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాడిని నేను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరినప్పుడు దీంతో ఉద్యోగం వస్తుందా అని అడగనివాళ్ళు లేరు. మన హాస్టళ్ళలో తెలివైన పిల్లలు కూడా ల్యాబు లేదని, ఇంగ్లీషు రాదని, సైన్స్ మన వల్ల కాదని ముందే తప్పుకోవడం నేను చూశాను. సౌకర్యాలు అక్కర్లేదని నేను చెప్పడం లేదు. మంచి ల్యాబు, మంచి మాస్టారు, పుస్తకాలు మన హక్కు. వాటిని అడిగి సాధించుకోవాలి. అవి వచ్చేదాకా మాత్రం చేతులు కట్టుకుని కూర్చోకూడదు. లెబెదెవ్‌కు రబ్బరు కోసమని కట్టిన ల్యాబు లేదు. డాక్టరీ విద్యార్థులకు పాఠం చెప్పే గదుల్లో, పని ముగిశాక మిగిలిన సాయంత్రాల్లో, నది ఐసుతో, ఏడుగురు స్నేహితులతో ఆయన ఆ రెండు కిలోలు చేశారు. ఆ రెండేళ్ళ వెనుక పదహారేళ్ళు ఓపిగ్గా నేర్చుకున్న చదువు ఉంది.

ఈసారి బ్యూటాడైఈన్ సమీకరణం వచ్చినప్పుడు బట్టీపట్టకండి. రెండు ఆల్కహాల్ అణువుల్లోంచి ఎన్ని నీటి అణువులు పోతున్నాయో, ఎంత హైడ్రోజన్ పోతుందో కాగితం మీద మీరే లెక్క కట్టి చూడండి. లెక్క సరిపోతే లెబెదెవ్ వేసిన మొదటి అడుగు మీకూ అర్థమైనట్టే. అర్థం కాకపోతే సెలవుల్లో నేను హాస్టల్‌కు వచ్చినప్పుడు అడగండి, కలిసి కూర్చుని చేద్దాం.